ఇత్తడి రేకు వంగనంటే

శ్రీకాకుళం జిల్లా నౌపడ లైను మీద ఒకప్పుడు తిరిగిన నేరోగేజ్ ఆవిరి ఇంజన్‌కి 1:87 స్కేలులో, అంటే అసలులో 87వ వంతు సైజులో, బొమ్మ మోడల్ చేస్తున్నాను, చూసినవాళ్ళు ఎక్కువగా అడిగేది బాయిలర్ చుట్టూ ఉండే సన్న ఇత్తడి పట్టీల గురించే, అంత గుండ్రంగా ఎలా వంచావని. కాల్చి వంచాను, అంతే. (నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన ఈ లైను గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది, కాబట్టి బజారులో దొరికే 9 మిల్లీమీటర్ల ఎన్ గేజ్ బొమ్మరైలు పట్టాలతో సరిపెట్టుకోవచ్చు. మన జిల్లా రైలు చేయాలనుకునేవాళ్ళకి ఇదో సుఖం.)

ఫోటో ఎచ్ పార్టులకి (రసాయనంతో రేకుని తినిపించి ఆకారం తీసిన పల్చటి పార్టులు) వాడే ఇత్తడి రేకుని చల్లగా ఉండగానే రోలర్ల మధ్య నొక్కి పల్చన చేస్తారు, అందుకే అది బిరుసుగా ఉంటుంది, పెన్సిల్ చుట్టూ చుట్టి వదిలితే సగం వెనక్కి విచ్చుకుంటుంది. ఎర్రగా కాలిస్తే లోపలి స్ఫటికాలు కొత్తగా ఏర్పడి మెత్తబడుతుంది. మా వీధి చివర కంసాలి మావయ్య బంగారం తీగ లాగేటప్పుడు మధ్యమధ్యలో చేసేది కూడా ఇదే. "కొట్టేకొద్దీ బిగుస్తాది బాబూ, మళ్ళీ కాల్చాల" అంటాడు. ఇత్తడీ అంతే, నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే మళ్ళీ బిరుసెక్కుతుంది, అప్పుడు మళ్ళీ కాల్చండి, లేకపోతే విరుగుతుంది.

చేసే పద్ధతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, కష్టమంతా రంగు చూడడంలోనే ఉంది. వంటింట్లో లైటు ఆపేసి, కిటికీ మూసి, గ్యాస్ స్టవ్ నీలం మంట అంచున పార్టుని ట్వీజర్స్‌తో పట్టుకుని కదుపుతూ ఉండాలి. కరెంటు పోయిన టైములో పెట్టుకుంటే ఇంకా మంచిది, మా ఊళ్ళో దానికి కొదవ లేదు! మసక ఎరుపు కనిపించగానే తీసేయండి. పట్టపగలు వెలుతురులో ఆ ఎరుపు కంటికి ఆనదు, ఆనేసరికి వేడి మితిమీరిపోతుంది. ఇత్తడి 900 డిగ్రీలు దాటితే కరుగుతుంది, ఇక సన్నటి పార్టు వేడెక్కడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. చిన్నవాటిని ఫ్రేము (పార్టులన్నీ అంటుకుని ఉండే చుట్టూ రేకు) నుంచి కత్తిరించకుండానే కాల్చడం మేలు, పట్టుకోడానికి చోటు ఉంటుంది.

నీళ్ళలో ముంచాలా వద్దా అని టెన్షన్ పడక్కర్లేదు. ఉక్కులా ఇత్తడి ముంచితే గట్టిపడదు, గాలికి చల్లారినా ఒకటే. నల్లబడ్డ పొరని చింతపండు నీళ్ళలో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే పోతుంది, అది పోకుండా ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం, అన్నీ కాల్చేయకండి. చాలామంది ఫ్రేము మొత్తం మంటలో పెట్టేస్తున్నారు, నాకు అది నచ్చదు. మడత పెట్టడానికి ఎచ్ చేసిన గీత ఉన్నచోట రేకు ముందే సగం పల్చగా ఉంటుంది, అక్కడ కాల్చే పని లేదు. రెయిలింగులు, మెట్లు లాంటివి నిటారుగా నిలబడాలి, మెత్తబడితే వేలు తగిలినా వంకరపోతాయి. గుండ్రంగా తిరగాల్సినవే కాల్చండి. అదీ సోల్డర్ (టంకం) పెట్టకముందే, ఎందుకంటే మామూలు 63/37 తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు పార్టులైతే స్టవ్ దగ్గరికి తీసుకెళ్ళకండి, వాటికి వెయ్యి డిగ్రీల పైమాట కావాలి. అల్యూమినియం 660కే కరుగుతుంది, పైగా ఎర్రబడి హెచ్చరించదు. దానికైతే పైన బట్టల సబ్బు గీసి కాల్చండి, సబ్బు నల్లబడగానే మంట ఆపేయాలి.