కాంచన్‌జంగాని చూడటానికి సందక్‌ఫూ ఎక్కాం (నా అనుభవం)

కాంచన్‌జంగా ఎత్తు 8,586 మీటర్లు. ప్రపంచంలో మూడో శిఖరం, సరిగ్గా సిక్కిం, నేపాల్ సరిహద్దు మీద. అక్కడివాళ్లకు దేవుడితో సమానం కాబట్టి సిక్కిం వైపు నుంచి ఎక్కడాన్ని 2001లో నిషేధించారు. ఎక్కాలంటే నేపాల్ నుంచే. మా ఆఫీసు మోకాళ్లకి అంత సీన్ లేదు గానీ, ఎదురుగా నిలబడి చూడాలని ఉండేది. దానికి డార్జిలింగ్ జిల్లాలో సందక్‌ఫూ ఉంది. 3,636 మీటర్లు, అదీ నేపాల్ సరిహద్దు మీదే.

న్యూ జల్‌పాయిగురిలో రైలు దిగి జీపులో మానేభంజాంగ్ చేరాం. కాగితాల పనంతా అక్కడే. గుర్తింపు కార్డు జిరాక్సులిచ్చి పేర్లు రాయించాలి, సింగలీలా నేషనల్ పార్కు టికెట్ కొనాలి, గైడ్‌ని మాట్లాడుకోవాలి. గైడ్ లేకపోతే లోపలికి వదలరు.

ఆ తర్వాత దారిలో ఎస్‌ఎస్‌బీ (నేపాల్ సరిహద్దు కాపలా కాసే మన దళం) చెక్‌పోస్టులు. గైరీబాస్‌లో జవాను నా ఓటర్ కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇందులో మీ పేరేది?" అన్నాడు. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లకిది మామూలే. చివరికి రిజిస్టర్‌లో ఇంటిపేరుతోనే ఎక్కాను.

తుమ్లింగ్‌లో భోజనం చేశాం, అది నేపాల్. మన రూపాయలే తీసుకున్నారు. ఫోన్ నేపాల్ టవర్ పట్టినప్పుడల్లా గడియారం పావుగంట ముందుకు దూకేది. బిఖేభంజాంగ్ దాటాక మాత్రం నిలువు ఎక్కుడు. తల దిమ్ముగా ఉంది, నాలుగడుగులకోసారి ఆగాను. "బిస్తారై, బిస్తారై" (నేపాలీలో మెల్లగా అని) అంటూ గైడ్ మా వెనకే, ఏమాత్రం తొందరపెట్టకుండా వచ్చాడు.

తెల్లవారుజామున చలికి వేళ్లు వంగట్లేదు. మబ్బులన్నీ కిందే ఉండిపోయాయి. పైన కొండల వరుస పడుకున్న బుద్ధుడిలా ఉంటుందంటారు. ముఖం కుంభకర్ణ శిఖరం, ఒళ్లు కాంచన్‌జంగా. మొదటి ఎండ తగిలి ఆ మంచు గులాబీ రంగు నుంచి పసుపుకి తిరిగింది. పడమటి వైపు ఎవరెస్ట్ కూడా కనిపిస్తుంది. కానీ మకాలూ దగ్గరగా ఉండటంతో అదే పెద్దగా అనిపిస్తుంది, అందరూ దాన్నే ఎవరెస్ట్ అనుకుని ఫోటోలు తీస్తారు.

దిగేటప్పుడు గుర్దుం మీదుగా శ్రీఖోలా వెళ్లాం. మోకాళ్లకు అసలు పని అప్పుడే పడింది. వెళ్లేవాళ్లు అక్టోబరు, నవంబరు చూసుకోండి. జూన్ 16 నుంచి సెప్టెంబరు 15 దాకా పార్కు మూసేస్తారు. ఏప్రిల్‌లో పూలు బాగుంటాయి గానీ మబ్బు ఎప్పుడు కమ్మేస్తుందో చెప్పలేం.