పలకని రెండు అక్షరాలు: నా అనుభవం

నాలుగో తరగతి చదివే మా అమ్మాయి డిక్టేషన్ పుస్తకంలో ఒకరోజు ఏడు పదాల కింద ఎర్రగీతలు కనిపించాయి. నైట్, లైట్, రైట్, ఎయిట్, డాటర్, థాట్, నైబర్. ఏడింటిలోనూ జీ, హెచ్ అనే రెండు అక్షరాలను వదిలేసింది. "పలకనప్పుడు ఎందుకమ్మా రాయడం?" అని అడిగింది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న నేను "ఎన్, ఐ, జీ, హెచ్, టీ" అని రాగం తీస్తూ బట్టీ పట్టినదాన్ని. నాకు ఎవరూ కారణం చెప్పలేదు. ఆ బట్టీనే దాని చేతికీ అందించడానికి మనసు ఒప్పలేదు.

దారి జర్మన్ నుంచి దొరికింది. మా వారు జర్మనీలో పనిచేస్తున్నారు. అక్కడికి వెళ్లడానికి వీసా కోసం నేను ఏ1 అనే తొలి స్థాయి జర్మన్ పరీక్షకు చదువుతున్నాను. ఎనిమిదికి అఖ్ట్, రాత్రికి నఖ్ట్ అని గొంతులోంచి గాలిని ఒరిపిస్తూ సాధన చేస్తున్న రోజులవి. ఒక సాయంత్రం ఎందుకో ఇంగ్లీషు పదాలను వాటి పక్కనే రాశాను. జర్మన్‌లో గొంతు రాసుకునే చోటే ఇంగ్లీషులో జీహెచ్ కూర్చుని ఉంది! కూతురికి టోఖ్టర్, డాటర్. పొరుగువాడికి నఖ్‌బార్, నైబర్.

మర్నాడే ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీశాను. జర్మన్‌కు ఒకటి, నేటి ఇంగ్లీషుకు ఒకటి, ప్రాచీన ఇంగ్లీషుకు ఒకటి. మూడో గడికి బాస్వర్త్-టాలర్ నిఘంటువు ఇంటర్నెట్‌లోనే దొరికింది. రాత్రి నిహ్ట్, కూతురు దోహ్తోర్, సరైనది రిహ్ట్. అప్పట్లో అక్కడ హెచ్ ఒక్కటే రాసేవారు, దాన్ని గట్టిగా పలికేవారు. వీరుడని అర్థమిచ్చే నైట్ కూడా ఒకప్పుడు క్నిహ్ట్. మొదట్లో దాని అర్థం కుర్రవాడు, సేవకుడు.

అది కార్తీక మాసం. ఫోనులో మా అమ్మ "ఈ రోజు నక్తం ఉన్నాను" అంది. పగలంతా ఉపవాసం ఉండి, చుక్క పొడిచాక భోజనం చేస్తుంది. నా పెన్ను ఆగిపోయింది. నక్తం, నఖ్ట్, నిహ్ట్! వెతికి చూస్తే నిజమే, మూడూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. నక్తంలో మనం పలికే 'క్' అక్కడ హకారంగా మారి, చివరికి జీహెచ్ అనే గుర్తుగా మిగిలింది. డాటర్‌కు మన దుహిత కూడా ఇలాగే చుట్టం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించాక, ఫ్రెంచి పద్ధతిలో చదువుకున్న లేఖకుల చేతుల్లో ఈ హెచ్ క్రమంగా జీహెచ్ అయింది. తర్వాత ఆ ధ్వని కొన్ని పదాల్లో పూర్తిగా పోయింది. లాఫ్, ఇనఫ్, టఫ్ లాంటి వాటిలో 'ఫ్' అయింది. రాత మాత్రం నిలిచిపోయింది. స్కాట్లాండు మాండలికంలో 'నిఖ్ట్' ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒక వారం పాటు డిలైట్ దగ్గర ఆగిపోయాను. దాని ప్రాచీన రూపం ఎంత వెతికినా దొరకలేదు. దొరకదు కూడా. అది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. లైట్‌ను చూసి 16వ శతాబ్దంలో దానికీ జీహెచ్ తగిలించారు. ఘోస్ట్ కథ వేరు. ప్రాచీన రూపం గాస్ట్. 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టిన కాక్స్‌టన్ అంతకుముందు ఫ్లెమిష్ మాట్లాడే ప్రాంతంలో చాలా ఏళ్లు ఉన్నాడు. అక్కడి రాత ప్రభావంతోనే అందులో హెచ్ చేరిందంటారు. ఈ రెండింటినీ వేరే పేజీలోకి మార్చాను.

ఇదంతా పిల్లకు ఎలా చెప్పాలి? తాతయ్య పాత పద్యాల పుస్తకం తీసి 'మూఁడు' అనే మాట చూపించాను. "ఈ సగం సున్న ఏమిటమ్మా?" అంది. అరసున్న అన్నాను. ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే ధ్వని ఉండేది, తమిళులు మూన్ఱు అంటారు, వాళ్ల మాటలో ఆ 'న్' ఇంకా ఉంది అని చెప్పాను. కాసేపు పుస్తకం వైపే చూసి, "అయితే జీహెచ్ ఇంగ్లీషువాళ్ల అరసున్నా?" అంది. దగ్గరకు తీసుకుని తల నిమిరాను. నేను నెల రోజులు వెతికిన మాట అదే.

అప్పటి నుంచి రోజుకు మూడు పదాలు. అరచేతిని నోటి ముందు పెట్టుకుని 'నిహ్ట్' అంటుంది. గాలి తగిలిన చోట జీహెచ్ రాస్తుంది. తర్వాతి డిక్టేషన్‌లో ఒకటే తప్పింది, దగ్గు అని అర్థమిచ్చే కాఫ్. దాని కోసం వచ్చే వారం కూర్చోవాలి.

నిన్న నోటుపుస్తకంలో ప్లౌ రాశాం. ఇంగ్లండులో దానికి జీహెచ్ ఉంది, అమెరికావాళ్లు తీసేసి డబ్ల్యూ పెట్టుకున్నారు. పక్కన తెలుగు మాట రాయమంటే 'నాగలి' అని రాసింది. నేను పాత నిఘంటువు తెరిచి చూపించాను. అక్కడ 'నాఁగలి' అని ఉంది. పెన్సిల్ తీసుకుని, 'నా'కూ 'గలి'కీ మధ్య జాగ్రత్తగా ఒక సగం సున్న చుట్టింది.