చేతులు వెనక్కి కట్టుకున్న సారు

మన బ్యాచోళ్లకు పదో తరగతి అంటే ముందు గుర్తొచ్చేది తాళం పడ్డ బడి గేటే. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. మొత్తం 42 రోజులు. బస్సుల్లేవు, సార్లు శిబిరాల్లో, మనం ఇళ్లలో. పరీక్షలేమైతయో అని ప్రతి ఇంట్లో ఒకటే రంధి. ఆ రోజుల్లోనే కాజీపేటలో మా ఇంటి వసారాలో కూర్చుని మేం నలుగురం ఒక రోబో చేశాం. దాని గురించి రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం సంచిక వాళ్లు అడగ్గానే నాకు రోబోకన్నా ముందు మన ఫిజికల్ సైన్స్ సారు చేతులు గుర్తొచ్చాయి.

హనుమకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు బడిపిల్లలకు పోటీ పెట్టారు. తెల్ల ఫ్లెక్సీ మీద వంకర టింకరగా నల్ల గీత. మనిషి చెయ్యి తగలకుండా బండి ఆ గీత వెంబడే చివరిదాకా పోవాలి. సారు నోటీసు చదివి, "చేస్తరా?" అన్నారు. ఎట్ల చెయ్యాలో మాకు తెల్వదు. అయినా చేస్తం సార్ అన్నాం.

సారు వాళ్ల వీధిలో అద్దెకుండే ఎన్‌ఐటీ అన్న ఒకాయన సమ్మెకు ముందే హైదరాబాద్ పోయి, కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొనుక్కొచ్చాడు. ఒక ఎల్‌ఎం358 చిప్పు, మోటార్లను నడిపే ఎల్‌293డీ చిప్పు ఒకటి, కంటికి కనపడని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వెలుగునిచ్చే ఎల్‌ఈడీ, ఆ వెలుగును పసిగట్టే ఫొటోడయోడ్ రెండు జతలు, స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే ప్రీసెట్లు రెండు, రెండు గేరు మోటార్లు. మైక్రోకంట్రోలర్ అనే బుల్లి కంప్యూటర్ చిప్పు లేదు, ప్రోగ్రామ్ లేదు. అన్న ఒక సాయంత్రం మా గచ్చు మీదనే చాక్‌పీసుతో గీసి చెప్పాడు. ఐఆర్ వెలుగు తెల్లదాని మీద పడితే తిరిగొస్తుంది, నల్లది మింగేస్తుంది. తిరిగొచ్చిన వెలుగు ఎంతో ఫొటోడయోడ్ చెప్తుంది. మనం ప్రీసెట్ తిప్పి పెట్టిన హద్దుతో ఎల్‌ఎం358 దాన్ని పోల్చి చూస్తుంది. గీతకు అటొక కన్ను, ఇటొక కన్ను. ఎడమ కన్ను నల్లదాని మీదికొస్తే ఎడమ మోటారు ఆగుతుంది, కుడిది తిరుగుతుంది, బండి ఎడమకు మళ్లుతుంది. అంతే. ఇంత చిన్న సంగతితో ఒక వస్తువు తన దారి తాను చూసుకుంటుందంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బాపు వడ్రంగి కాబట్టి ప్లైవుడ్ ముక్కకు కొదువ లేదు. బ్యాటరీయే కష్టమైంది. చివరికి మా ఇంట్లో ఎమర్జెన్సీ లైటు విప్పి అందులోని 6 వోల్టుల బ్యాటరీ పీకాం. సింగరేణి కార్మికులు కూడా సమ్మెలో ఉండె, బొగ్గు తగ్గి కరెంటు కోతలు విపరీతం. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఉన్న ఒక్క లైటూ పోయింది. అమ్మ కొవ్వొత్తి వెలుగులో అన్నం వండుతూ, "మీ బండికి కండ్లొచ్చుడేమో గనీ మా కండ్లు పోతున్నయ్ రా" అన్నది. కానీ బ్యాటరీ తిరిగి పెట్టమని ఒక్కనాడూ అనలేదు.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతుండగానే కరెంటు పోయేది. అందుకని రాత్రి ఎప్పుడొస్తే అప్పుడు లేచి కూర్చునేవాళ్లం. టంకం కరిగి మెరిసే చుక్కగా ఆగడం, సరిగ్గా అంటకపోతే మసకబారి గరుకుగా ఉండడం, ఆ తేడా నా కళ్లకు అక్కడ అలవాటైంది. ట్యూబులైటు కింద నేల మీద నల్ల టేపు అతికించి నడిపేవాళ్లం. ఓ అర్ధరాత్రి అది మొదటిసారి మలుపు తిరిగింది. నా బెంచీ దోస్తు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు, అందరూ లేస్తరని.

సారు పొద్దంతా శిబిరంలో ఉండి సాయంత్రం సైకిల్ మీద వచ్చేవారు. చూసేవారు. అడిగింది ఇచ్చేవారు, అడగంది చెప్పేవారు కాదు. అప్పట్లో అది నాకు కొంచెం కష్టంగానే ఉండేది.

పోటీ నవంబర్‌లో, సమ్మె ఆగినాక. పొద్దున పదకొండు గంటలు, పెద్ద హాలు, వరుసగా కిటికీలు. బండిని గీత మీద పెట్టాం. నాలుగడుగులు బుద్ధిగా పోయింది. కిటికీ లోంచి ఎండ పడ్డ చోటికి రాగానే మలుపు మరిచి నేరుగా ఫ్లెక్సీ దాటిపోయింది. మళ్లీ పెట్టాం, మళ్లీ అంతే. మాకు చెమటలు. గీత అవతల సారు నిలబడ్డారు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. పెద్దవాళ్లు రోబోను ముట్టొద్దన్నది అక్కడి నిబంధన. ప్రపంచ రోబో ఒలింపియాడ్‌లోనూ పోటీ వేళ కోచ్ రోబోను ముట్టకూడదు. అది నాకు తర్వాత తెలిసింది. అక్కడున్న చాలామంది సార్లు దూరంనుంచే సైగలు చేస్తున్నారు. మన సారు మొహంలో ఏమీ లేదు.

రెండో రౌండుకు ఇరవై నిమిషాలు టైముంది. మా జట్టులోని అమ్మాయి బండిని ఎత్తి నీడలో పెట్టింది, నడిచింది. ఎండలో పెట్టింది, తప్పింది. "ఎండల గూడ ఐఆర్ ఉంటది కదరా" అన్నది మెల్లగా. మేం చేసిన పనంతా రాత్రిళ్లే. మా బండి ఎన్నడూ ఎండ మొహం చూడలేదు. ఎండ వెలుగే నేరుగా ఫొటోడయోడ్‌ను నింపేస్తుంటే దానికి నల్లది కూడా తెల్లగానే కనిపించింది. నోటుపుస్తకం అట్ట చింపి, "సార్, నల్ల టేపు?" అని అడిగాం. సారు జేబులోంచి తీసి ఇచ్చారు. అట్టకు టేపు చుట్టి, రెండు కళ్ల చుట్టూ నేలకు ఆనీ ఆననట్టు చిన్న పావడలా కట్టాం. ప్రీసెట్లు స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకంత తిప్పి సరిచేశాం. ఈసారి బండి ఎండలోకి పోయింది, మలుపు తిరిగింది, చివరిదాకా పోయింది. బహుమతి వేరే బడికి వచ్చింది. వాళ్ల బండి మాకన్నా చాలా వేగం.

ఇప్పుడు పరిస్థితి మారింది. పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి నేర్చుకునేందుకు 2016లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల కింద ఎంపికైన బడికి 20 లక్షల దాకా ఇస్తూ వచ్చారు. ఆరో తరగతి నుంచే పిల్లలు సెన్సర్లు పట్టుకుంటున్నారు. సంతోషం. కానీ ఈ మధ్య ఓ పోటీకి న్యాయనిర్ణేతగా పోయి మనసు చివుక్కుమని వచ్చాను. మెరిసే కిట్టు, గుక్క తిప్పుకోకుండా వివరణ. "ఈ వైరు పీకితే ఏమైతది బాబూ?" అని అడిగితే పిల్లాడు వెనక్కి తిరిగి కోచ్ వైపు చూశాడు. తప్పు వాడిది కాదు. వాడి చేతిలోని పనిని పెద్దవాళ్లు గుంజుకున్నారు, గెలుపు మీది తొందరతో.

అందుకే మన సంఘం తరపున కప్పుల కోసం చందాలు వద్దని నా మనవి. సోల్డరింగ్ తీగ, అదనపు మోటార్లు, పాడైతే మళ్లీ కొనగల చిప్పులు, ఎప్పుడూ పరిచి ఉండే ఒక ఫ్లెక్సీ మన బడికి ఇద్దాం. మన ఊళ్లో ఉన్నవాళ్లం ఆదివారం రెండు గంటలు పోయి కూర్చుందాం. కూర్చోవడం తేలికేం కాదు. పిల్ల తప్పు వైరు పెడుతుంటే నా వేళ్లు ఆగవు.

మొన్న సంక్రాంతికి సారు ఇంటికి పోయాను. రిటైరై చాలా రోజులైంది. చాయ్ తాగుతూ అడిగాను, "సార్, ఆ రోజు ఎండ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

"హాల్లకు రాంగనే బిడ్డా, కిటికీలు చూసి."

"మరి టేపు?"

"చాయ్ హోటల్ పక్క షాపుల కొనుక్కొచ్చిన. మీ మొదటి రౌండు కన్న ముందు."