గాంధారం మెట్టు దగ్గర జీర

లైటు తీసేశాక కూడా ఆ జీర చెవిలోంచి పోలేదు. లేచి కూర్చున్నాను.

వీణకు మేళం కట్టించి, అంటే మెట్లన్నీ ఊడదీసి కొత్త మైనంలో శ్రుతికి నిలిపించి, ఇవాళ్టికి తొమ్మిదో రోజు. సారణి అనే మొదటి తీగ మీద నాలుగో మెట్టు, అంతర గాంధారం, మీటితే "జిర్ర్" అంటోంది. అది చాలదన్నట్టు పాప ఆన్‌లైన్ టీచరుగారు ట్యూనర్ యాప్ పెట్టి చూసి, గాంధారం 12 సెంట్లు (సెంటు శ్రుతి తేడాకు కొలత) తక్కువ పలుకుతోంది, మేస్త్రి సరిగ్గా కట్టలేదు, కాస్త గుర్రం (కుండ మీద తీగలను మోసే వంతెన) వైపు జరపండి అన్నారు. కాస్త జరపడమట! మా వీణకు అవతలి కొసన తీగలు ఆనే మేరువు నుంచి గుర్రం దాకా తీగ పొడవు 80 సెంటీమీటర్లు. నాలుగో మెట్టు దగ్గర 12 సెంట్లంటే నాలుగు మిల్లీమీటర్ల పైమాటే. మైనంలో దిగిన మెట్టును అంత జరిపితే దాని కింద మైనం చిట్లుతుంది, అటూ ఇటూ ఉన్న మెట్ల పట్టు కూడా వదులవుతుంది. అది బల్ల మీద గ్లాసు కాదు కదా జరపడానికి.

పొద్దున్నుంచీ నా బాధంతా ఆ మాట మీదే. యాప్ స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, పన్నెండు సమానమైన ముక్కలు చేసి, ముక్కకు 100 సెంట్లు లెక్క కడుతుంది. దాని లెక్కలో అంతర గాంధారం 400. తంబురాతో కలిసిపోయే గాంధారం 386. మంద్ర షడ్జం తీగను మీటి ఊరికే వింటూ కూర్చుంటే అందులోంచి గాంధారం తనంతట తాను పలుకుతుంది. స్వయంభూ గాంధారం అని పెద్దవాళ్ళు అనేది దాన్నే. మేస్త్రి తంబురా పక్కన పెట్టుకుని, దానికి కలిపి మెట్టు నిలిపాడు. తక్కువ పలికిందంటే తప్పు కట్టినట్టు కాదు, విని కట్టినట్టు.

పార్వతీపురంలో అమ్మమ్మ వాళ్ళింటికి బొబ్బిలి వైపు నుంచి ఒక తాతగారు వచ్చేవారు, చేతిసంచిలో ఆకురాయి, చాకు, మైనం ముద్ద పెట్టుకుని. పని రెండు రోజులు. మొదటి రోజు తీగలన్నీ విప్పి, గుర్రం ఉన్న చోట పెన్సిలుతో గీత గీసి, 24 మెట్లనూ ఊడదీసి వరసగా గుడ్డ మీద పేర్చేవారు. వరస తప్పితే మళ్ళీ అమర్చడానికి పూట పడుతుందని ఆ గుడ్డ దరిదాపులకు మమ్మల్ని రానిచ్చేవారు కాదు. తీగ రాసుకుని గాడి పడ్డ మెట్లను ఆకురాయితో గుండ్రంగా అరగదీసేవారు. కుంపటి మీద ఇనప గరిటెలో తేనెమైనం కరిగించి, జల్లించిన బొగ్గుపొడి, కొంచెం గుగ్గిలం కలిపేవారు. గుగ్గిలం తగ్గితే ఎండాకాలం మెట్లు దిగిపోతాయి, ఎక్కువైతే చలికాలం మైనం పెళుసెక్కి బీటలు వారుతుంది. పాళ్ళు ఎంతని అమ్మమ్మ అడిగితే చిన్న ముక్క తీసి బొటనవేలితో నొక్కి చూపించేవారు. వేలిగుర్తు పడాలి, మైనం వేలికి అంటకూడదు.

ఆ ముద్దను వీణ మెడలాంటి దండి రెండు అంచుల మీదా గోడల్లా నిలబెట్టి, సారణి శ్రుతి చేసి, ముందు పన్నెండో మెట్టు, తర్వాత ఏడోది, ఐదోది. తారషడ్జం, పంచమం, మధ్యమం కుదిరాకే మిగతావి. ఒక్క సారణికి కుదిరితే సరిపోదు. అదే మెట్టు మీద పంచమం, మంద్రం, అనుమంద్రం అనే మిగతా మూడు తీగలూ శ్రుతిగా పలకాలి. లావు తీగ నొక్కితే శ్రుతి ఎక్కువ పెరుగుతుంది, అందుకని మెట్టును వెంట్రుకవాసి వాలుగా పెట్టేవారు. చివర్న చాకుతో మైనం అంచుకు పళ్ళు కోస్తుంటే రాలిన నల్ల ముక్కలు మాకు. కుంపటి ఆరిపోయినా ఆ వాసన రెండు మూడు రోజులు హాల్లోనే ఉండేది.

ఇంతా రాశాక, జీర సంగతి అలాగే ఉండిపోయింది. శ్రుతి తక్కువకూ జీరకూ సంబంధం లేదు. మెట్టు మీద నొక్కినప్పుడు తీగ దాని పై మెట్టుకు తగిలితేనే జీర. అంటే నాలుగోది కిందికి దిగి ఉండాలి, లేదా ఐదోది పైకి లేచి ఉండాలి. అన్ని మెట్ల మీదా జీర వస్తే గుర్రం పైరేకు చూసుకోవాలి, ఇది ఒక్కచోటే.

ఇందాక చిన్న స్టీలు స్కేలు అంచు తీగల మధ్యలోంచి పెట్టి చూశాను. మూడో మెట్టు మీదా ఐదో మెట్టు మీదా ఆనింది. నాలుగో దాని మీద విజిటింగ్ కార్డు దూరేంత సందు. అదీ సారణి వైపే, అవతలి వైపు లేదు.

మేస్త్రి వెళ్తూ రెండు వారాలు గట్టిగా నొక్కొద్దు, వేడి తగలనివ్వొద్దు అని మరీ మరీ చెప్పాడు. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ, మెత్తబడటానికి అంత వేడి అక్కర్లేదు, విశాఖలో పడమటి కిటికీ దగ్గర మూడు గంటల ఎండ చాలు. ఇల్లు తుడిచేటప్పుడు వీణను జరిపి అక్కడే వదిలేశారు. పాప రోజూ మాయామాళవగౌళలో సరళీ వరసలే వాయిస్తుంది, వరస వరసకీ గాంధారం, కొత్త చేతుల బలమంతా వేసి.

టీచరుగారి మీద పొద్దున ఉన్నంత కోపం ఇప్పుడు లేదు. పై స్థాయి చివర మెట్టుకూ మెట్టుకూ మధ్య 1.2 సెంటీమీటర్లే. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే 8 సెంట్లు పోతాయి, గంటసేపు విన్నాక చెవి అలిసిపోతుంది. అక్కడ యాప్ సాయం తీసుకోవచ్చు. బడిలో కీబోర్డుతో కలిసి వాయించాల్సి వస్తే గాంధారం పేచీ కూడా నిజమే. కానీ తంబురాతో వాయించే పిల్లకు ఆ మెట్టు జరపను. ఎత్తు మాత్రం సరిచేయాలి.

సారణి వదులు చేసి, చెంచాను వేడినీళ్ళలో ముంచి తుడిచి మెట్టు చివర ఆనించాను. మూడోసారికి మైనం మెత్తబడింది. ఆ చివరను కొద్దిగా ఎత్తి, మేస్త్రి వదిలి వెళ్ళిన ముద్దలోంచి పెసరగింజంత మైనం కిందికి నెట్టి, స్కేలు మూడింటి మీదా ఆనేదాకా నొక్కాను. వీణ ఇప్పుడు లోపలి గదిలో, చాప మీద, గుడ్డ కప్పి ఉంది. ఫ్యాను వేయలేదు. పొద్దున పాప లేవకముందే సారణి శ్రుతి చేసి చూడాలి.