పన్ను కోసం వెళితే షుగరు కాగితం అడిగారు

ఏడేళ్ల క్రితం కుడివైపు కింది దవడ పన్ను పీకించుకున్నాను. అంతకు నాలుగేళ్ల ముందే ఎడమవైపు పైదొకటి పోయింది. మిగిలినవి చాలులే అని ఊరుకున్నాను. రిటైరయ్యాక చేతిలో నాలుగు డబ్బులు పడ్డాయి కదా, రెండు చోట్లా ఇంప్లాంట్లు పెట్టించుకుందామని బయలుదేరాను. డబ్బుంటే చాలు, పన్ను వస్తుందనే అనుకున్నాను.

మొదట వెళ్ళిన క్లినిక్‌లోనూ అదే లెక్క. నోట్లోకి ఒకసారి తొంగి చూసి, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద వేసి, వచ్చే వారమే చేసేద్దామన్నారు. నేను సిద్ధమే. మా అమ్మాయే ‘ఇంకొకరికి కూడా చూపించు నాన్నా’ అని పట్టుబట్టింది.

రెండో చోట డాక్టరమ్మ నోరు తెరవమనక ముందే ప్రశ్నలు మొదలుపెట్టింది. షుగరు ఉందా? ఉంది, పదిహేనేళ్లుగా. ఎంత ఉంటోంది? ‘పరగడుపున 118’ అన్నాను, కాస్త గర్వంగానే. ఆ అంకె వెనుక ఒక రహస్యం ఉంది. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి నేను అన్నం ముట్టను, కాఫీలో చక్కెర వేయనివ్వను. ఆమె తలూపి, హెచ్‌బీఏ1సీ చేయించుకురమ్మని రాసింది. అది రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, దాని ముందు నా మూడు రోజుల ఉపవాసం పారలేదు. 9.4 వచ్చింది. పరీక్ష ముందు రాత్రి మాత్రమే పుస్తకం తెరిచే పిల్లలను ముప్పై ఏళ్లు చీవాట్లు పెట్టిన మాస్టారిని నేను!

‘ఇప్పుడు చేయను సార్, 7 దగ్గరకు తెచ్చుకుని రండి’ అంది. నాకు కోపం వచ్చింది. పంటికీ షుగరుకూ ఏమిటి సంబంధం? అప్పుడు ఓపికగా చెప్పింది. ఇంప్లాంట్ అంటే ఎముకలో బిగించే చిన్న టైటానియం మర. దాన్ని పట్టి ఉంచేది సిమెంటు కాదు, మన ఎముకే. కొన్ని నెలల్లో ఎముక దాని చుట్టూ పెరిగి అతుక్కోవాలి. షుగరు అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు, చీము పట్టే భయం ఎక్కువ, ఆ అతుకు సరిగా కుదరదు. షుగరు ఉండటం అడ్డంకి కాదట, అదుపులో లేకపోవడమే అడ్డంకి. వయసు కూడా అడ్డు కాదంది. ఎముక పెరుగుదల పూర్తికాని పిల్లలకు పెట్టరు గానీ, పెద్దవాళ్లకు పై హద్దు లేదట.

తర్వాత జర్దా కిళ్ళీ సంగతి బయటపడింది. దాచుదామనుకున్నాను కానీ నా పళ్లే చెప్పేశాయి. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది, ముందు వాటిని బాగుచేయాలంది. రాత్రిళ్లు పళ్లు కొరుకుతారా అంటే లేదన్నాను. పక్కనే కూర్చున్న మా ఆవిడ ‘రోకలి దంచినట్టు’ అని సాక్ష్యం చెప్పింది. గుండెకు వేసుకునే ఆస్పిరిన్ గురించి మాత్రం, సొంతంగా ఆపవద్దని, గుండె డాక్టరుతో తానే మాట్లాడతానని చెప్పింది.

చివరి ప్రశ్న: ఎముకల బలానికి మాత్రలేమైనా వాడుతున్నారా? ‘నేను కాదు, ఆవిడ వారానికొకటి వేసుకుంటుంది’ అన్నాను. డాక్టరమ్మ వెంటనే నన్ను వదిలి ఆవిడ వైపు తిరిగింది. ఆ రకం మందులు కొన్ని వాడేవారికి పన్ను పీకినా, ఇంప్లాంట్ పెట్టినా, అరుదుగా దవడ ఎముక మానకుండా పుండుగా మిగిలిపోతుందట. ‘ఎక్కడికి వెళ్ళినా ఈ మాట ముందే చెప్పండమ్మా’ అంది. ఆ మాత్ర రాసినప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

అయిదు నెలలు పట్టింది. కిళ్ళీ మానడం కంటే మధ్యాహ్నం రెండో వాయి అన్నం మానడమే కష్టమైంది. 7.2కు దిగాక సీబీసీటీ స్కాన్, అంటే దవడ ఎముకను అన్ని వైపుల నుంచీ చూపే ఎక్స్‌రే, తీశారు. కింద ఎముక సరిపోయింది. నరానికి రెండు మిల్లీమీటర్లు ఎడం వదిలినా మరకు చోటుంది. పైన మాత్రం మిగిలింది నాలుగు మిల్లీమీటర్లే. పన్ను పోయాక ఎముక అరిగిపోతుందనీ, పై దవడలో ముక్కు పక్కనుండే గాలి గది కిందికి జారి వస్తుందనీ తెరమీద చూపించింది. ఆ గది అడుగును పైకి లేపి, ఎముక పొడి నింపి, నెలల తరబడి ఆగి అప్పుడు పెట్టవచ్చట. పదకొండేళ్లు ఖాళీగా వదిలేసిన చోటుకు అంత రాద్ధాంతం ఎందుకని నేనే వద్దన్నాను.

కిందిది పెట్టారు. నాలుగు నెలల తర్వాత తొడుగు వేశారు. రాత్రి పెట్టుకోవడానికి ఒక అచ్చు కూడా ఇచ్చారు, కొరకకుండా. పైది ఖాళీగానే ఉంది, జంతికలు కుడివైపే నములుతున్నాను.

పోయిన వారం నుంచి మా ఆవిడ పన్ను ఒకటి కదులుతోంది. ఎల్లుండి చూపించుకోవడానికి వెళుతున్నాం. ఆ వారపు మాత్రల అట్ట ఇప్పటికే చేతిసంచిలో పెట్టుకుంది.