రోడ్డున పడటం వేరు, ఆన్ ద రోడ్ వేరు

తెలుగులో ‘వాళ్లు రోడ్డున పడ్డారు’ అంటే కొంప మునిగిందని అర్థం. అమెరికా ఆఫీసులో ‘హీ ఈజ్ ఆన్ ద రోడ్ దిస్ వీక్’ అంటే ఆయన ఈ వారం పని మీద ఊళ్లు తిరుగుతున్నాడని, అంతే. వీధికెక్కడం, బజారున పడటం, బజారు మాటలు... ఇలా మన దగ్గర వీధికి, బజారుకి పరువు కాస్త తక్కువే. ఇంగ్లీషులో మాత్రం స్ట్రీట్ స్మార్ట్ అంటే మెచ్చుకోలు, లోకం పోకడ తెలిసిన మనిషని. మాటకు మాట తెలుగులోకి మార్చుకుంటే మీటింగులో సగం తప్పుగా వినబడుతుంది. దగ్గరి తోవ ఒకటుంది: ఆ మాట బయట ఎలాంటి రోడ్డుకు వాడతారో ముందు తెలుసుకోవాలి.

ఫ్రీవే అంటే టోల్ లేని రోడ్డని చాలామంది అనుకుంటారు. అందులోని ఫ్రీకి డబ్బుతో సంబంధం లేదు. దారిలో సిగ్నళ్లు, కూడళ్లు అడ్డం రావని అర్థం. టర్న్‌పైక్‌లో పైక్ అంటే బల్లెం లాంటి కర్ర. పూర్వం దాన్ని దారికి అడ్డంగా ఉంచి, సుంకం కట్టాక పక్కకు తిప్పేవాళ్లు. న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద ఇప్పటికీ టోల్ కట్టాల్సిందే.

ఇల్లు మారేవాళ్లు భయపడాల్సిన మాట పార్క్‌వే. చెట్ల మధ్య కార్లలో హాయిగా పోవడానికి వేసిన రోడ్లివి. న్యూయార్క్ చుట్టుపక్కల చాలా పార్క్‌వేల మీద ట్రక్కులను రానివ్వరు, వంతెనలు మరీ కిందికి ఉంటాయి. సామాన్ల కోసం అద్దెకు తీసుకునే 26 అడుగుల ట్రక్కు ఎత్తు దాదాపు 13 అడుగులు. ఫోన్‌లోని మ్యాప్‌కు నడిపేది కారో ట్రక్కో తెలియదు, దగ్గరి దారి చూపించేస్తుంది. బోస్టన్‌లో స్టారో డ్రైవ్ అనే రోడ్డు మీద ఏటా సెప్టెంబరు 1 ప్రాంతంలో, విద్యార్థులు ఇళ్లు మారే రోజుల్లో, అద్దె ట్రక్కులు వంతెనల కింద ఇరుక్కుని పైకప్పు డబ్బా మూతలా లేచిపోతుంటుంది. ట్రక్కు తాళాలు తీసుకోగానే డ్యాష్‌బోర్డు దగ్గర రాసిన ఎత్తు చూసుకోండి. ‘కార్స్ ఓన్లీ’ బోర్డు కనబడితే ఎంత చుట్టు తిరిగైనా సరే, వేరే దారి పట్టండి.

అడ్రసులో పేరు తర్వాత వచ్చే చివరి ముక్క మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అట్లాంటాలో పీచ్‌ట్రీ పేరుతో పదుల సంఖ్యలో రోడ్లున్నాయి: పీచ్‌ట్రీ స్ట్రీట్, వెస్ట్ పీచ్‌ట్రీ స్ట్రీట్, పీచ్‌ట్రీ సర్కిల్ ఇలా. అత్యవసర సాయం కోసం 911కు ఫోన్ చేసినప్పుడు ‘పీచ్‌ట్రీ’ అని ఆపేస్తే అంబులెన్సు ఎటు వెళ్లాలి? చివర స్ట్రీట్ అనా, కోర్ట్ అనా, లేన్ అనా, ముందు వెస్ట్ ఉందా, చివర నార్త్‌ఈస్ట్ ఉందా అన్నీ చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే పూర్తి అడ్రసు తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అవెన్యూ ఏ దిక్కున పోతుందనే దానికి దేశమంతటా ఒకే సూత్రం లేదు. మన్‌హట్టన్‌లో అవెన్యూలు ఉత్తర దక్షిణాలుగా, స్ట్రీట్లు తూర్పు పడమరలుగా పోతాయి. డెన్వర్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది.

ఇంటర్‌స్టేట్, అంటే రాష్ట్రాలను కలిపే పెద్ద హైవేల నంబర్లు మాత్రం ఒక లెక్క ప్రకారం ఉంటాయి. బేసి సంఖ్య ఉత్తర దక్షిణాలకు, సరి సంఖ్య తూర్పు పడమరలకు. మూడంకెల నంబరులో మొదటి అంకె సరి సంఖ్యయితే అది సాధారణంగా ఊరి చుట్టూ తిరిగేది, డాలస్‌లో 635, న్యూజెర్సీలో ఎడిసన్ వైపు 287 అలాంటివే. బేసి అయితే ఊళ్లోకి చీలిపోయే కొమ్మ. కారు ఆగిపోతే షోల్డర్ (రోడ్డు అంచున వదిలిన ఖాళీ వరస) మీదికి తీసి, రోడ్డు నంబరు, ఏ దిక్కుగా వెళ్తున్నారో, పక్కనున్న చిన్న ఆకుపచ్చ బోర్డు మీది మైలు అంకె చెబితే చాలు, సాయానికి వచ్చేవాళ్లు వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

ఇక ర్యాంప్. ఫ్రీవేలోకి ఎక్కించే వాలు ఆన్-ర్యాంప్, దించేది ఆఫ్-ర్యాంప్. ఆన్-ర్యాంప్ మీద ఉండగానే వేగం పెంచుకోవాలి, చివరిదాకా గంటకు 35 మైళ్లలో పోయి 65లో వచ్చే కార్ల మధ్య దూరబోతే ప్రమాదం. ఆఫీసులో ‘ర్యాంప్ అప్’ అన్నా ఇదే సంగతి: కొత్త ప్రాజెక్టులో మొదటి కొన్ని వారాలు మీ వేగం మిగతావాళ్ల వేగానికి చేరడానికి ఇచ్చిన గడువు. తెలియనివి నిస్సంకోచంగా అడగాల్సింది ఆ గడువులోనే. ఆఫ్-ర్యాంప్ అంటే గొడవలోంచి అవతలివాడు పరువు పోకుండా దిగిపోవడానికి మనం చూపే దారి. బేరాల్లో, రాజకీయాల్లో ఈ మాట తరచుగా వస్తుంది.

‘స్టే ఇన్ యువర్ లేన్’ అని ఎవరైనా అంటే అది సలహా కాదు, మీకు సంబంధం లేని దాంట్లో తల దూర్చొద్దని కాస్త గట్టిగానే చెప్పడం. మీరు పైవాళ్లతో ఆ మాట అనకండి. రోడ్‌బ్లాక్ అంటే పని పూర్తిగా ఆగిపోయిందని, వేరేవాళ్లు వచ్చి అడ్డు తీస్తే తప్ప కదలదని. కొంచెం ఆలస్యమయ్యేదానికల్లా రోడ్‌బ్లాక్ అంటే నిజంగా ఆగిన రోజు ఎవరూ పట్టించుకోరు. పార్కింగ్ లాట్‌లో పెడదాం అంటే మీ ప్రశ్న ఇప్పుడు కాదు, తర్వాత అని. ఆ తర్వాత చాలాసార్లు రాదు. కాబట్టి మీటింగు ముగిసేలోపు దాన్ని ఎవరు, ఏ రోజుకు చూస్తారో అడిగి నోట్స్‌లో రాయించండి. ‘టేక్ ద హై రోడ్’ అంటే హైవే ఎక్కమని కాదు, అవతలివాడు దిగజారినా మనం మర్యాద తప్పొద్దని.

అన్నింటికన్నా జాగ్రత్తగా వినాల్సింది ‘డౌన్ ద రోడ్’. ఎప్పుడో ముందు ముందు అని. అందులో తేదీ ఉండదు, మాట ఇచ్చినట్టూ కాదు. గ్రీన్‌కార్డు (అమెరికాలో శాశ్వతంగా ఉండే అనుమతి) సంగతి కంపెనీని అడిగితే ‘వీ విల్ లుక్ ఎట్ ఇట్ డౌన్ ద రోడ్’ అని నవ్వుతూ చెబుతారు, మనవాళ్లు అది ఒప్పుకున్నట్టే అనుకుని ఊరుకుంటారు. ఉద్యోగం మీద వచ్చినవాళ్ల హెచ్-1బీ వీసా గడువు మామూలుగా 6 ఏళ్లు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఇంకా ఆమోదం కాని వాళ్లకు ఆపైన ఏడాది చొప్పున పొడిగింపు కావాలంటే దానికి ముందు మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్ (కార్మిక శాఖ ఆమోదం) గానీ ఐ-140 గానీ దాఖలు చేసి 365 రోజులు నిండాలి. అంటే అయిదో ఏడు ముగిసేలోపే కాగితాలు దాఖలవ్వాలి. దానికి ముందు జీతం నిర్ధారణకీ, ఉద్యోగ ప్రకటనలకీ నెలల తరబడి పడుతుంది. మూడో ఏట ‘డౌన్ ద రోడ్’ అంటే ఇంకా వ్యవధి ఉంది, నాలుగో ఏడు దాటాక అదే మాట వింటే ఆ రోజే మెయిల్ పెట్టండి: లేబర్ ఏ నెలలో మొదలుపెడతారు, లాయరు ఎవరు, నా వైపు నుంచి ఏ కాగితాలు కావాలి?