27 ఏళ్లకు నాలుక పక్కన కొత్త పన్ను: నా అనుభవం

పోయిన ఏడాది ఉగాదికి ఓళిగలు చేస్తూ, పూర్ణంలో తీపి సరిపోయిందో లేదో చూద్దామని కొంచెం నోట్లో వేసుకున్నాను. నాలుకకు ఎడమ పక్క, కింది చిగురు లోపలి వైపు ఏదో గీరుకుంది. బెల్లంలో వచ్చిన రాయేమో అనుకుని ఉమ్మి చూస్తే ఏమీ లేదు. మళ్లీ నాలుక పెట్టి చూశాను, అక్కడే ఉంది, నూకగింజంత, గట్టిగా, కొస తేలి. నొప్పి లేదు. కానీ ఆ రోజు నుంచి నాలుక ఊరుకోలేదు, పని చేస్తున్నా, పడుకున్నా దాని మీదికే పోయేది.

మాది ప్రొద్దుటూరు. బట్టల షాపులో లెక్కలు రాస్తాను. ఇంట్లో చెప్తే అమ్మకు వెంటనే టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే మా పెదనాయన గుట్కా తిని తిని నోట్లో పుండు ముదిరి పోయినాడు, అది చూసినప్పటి నుంచి నోట్లో ఏం వచ్చినా ఆమెకు అదే భయం. మా అవ్వ మాత్రం "పన్ను మీద పన్ను వస్తే అదృష్టమే పాపా, ముట్టుకోవద్దు" అంది. ఇద్దరి మాటలూ విని నాకు నిద్ర పట్టలేదు.

మొదట దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి పోయినాను. గార గడ్డకట్టింది అన్నారు, క్లీనింగ్ చేశారు. గార పోయింది కానీ అది పోలేదు. రెండు వారాలకు ఇంకొంచెం పైకి వచ్చింది, అద్దం, సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని చూస్తే తెల్లగా కనిపించింది కూడా. మళ్లీ పోతే ఈసారి జ్ఞానదంతం అన్నారు, పీకేద్దాం, పది నిమిషాల పని అన్నారు. జ్ఞానదంతాలు దవడ చివర వస్తాయి కదా, నాకు నాలుగూ వచ్చేసి ఐదేళ్లయింది, ఇదేమో కోరపన్నుకు కొంచెం వెనక ఉంది. ఎక్స్‌రే తీయరా అని అడిగితే అవసరం లేదన్నారు. సూది సిద్ధం చేస్తుంటే నేను కుర్చీలోంచి లేచి, ఇంట్లో అడిగి వస్తానని చెప్పి వచ్చేశాను. ఆ రోజు లేచి రావడం ఎంత మంచిదయిందో తర్వాత తెలిసింది.

వారం తర్వాత సెలవు పెట్టి కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీకి పోయినాం, నేనూ మా ఆయనా. పొద్దున్నే పోతే మంచిది, ఓపీ చీటీ దగ్గర లైను పెరిగిపోతుంది. అక్కడ చూసిన పీజీ డాక్టరమ్మ నాకంటే చిన్నదే అనుకుంటా. చిన్న అద్దం నోట్లో పెట్టి పళ్లు ఒక్కొక్కటే తాకుతూ పైకి లెక్కపెట్టింది. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు. ఆగి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. "అక్కా, ఇది గార కాదు, గడ్డ కాదు, పన్నే. మామూలుగా ఉండాల్సిన దానికంటే ఒకటి ఎక్కువ వచ్చింది" అని చెప్పింది. మా ఆయన వెంటనే బయటికి పోయి అమ్మకు ఫోన్ చేసినాడు.

తర్వాత ఓపీజీ రాశారు. దవడ మొత్తం ఒకే ఫిల్మ్‌లో వచ్చే ఎక్స్‌రే. చెవి కమ్మలు, మెడలో గొలుసు, జడలో పిన్నులు అన్నీ తీయమన్నారు. ముక్కుపుడక పెళ్లినాటి నుంచి తీయలేదు, మర బిగుసుకుపోయింది, బాత్రూంలో సబ్బు రాసి తిప్పి తిప్పి తీసేసరికి పది నిమిషాలు పట్టింది, ముక్కంతా ఎర్రబడింది. (మీరు పోయేటట్లయితే ఇంటి దగ్గరే తీసి పోండి. లోహం ఉంటే దాని నీడ ఫిల్మ్ మీద పడి పళ్లు సరిగా కనపడవు.) గర్భం ఏమైనా ఉందా అని అడిగారు. లేదని చెప్పాక నిలబెట్టి, గడ్డం ఒక మెట్టు మీద పెట్టించి, ముందు పళ్లతో ఒక చిన్న ప్లాస్టిక్ పుల్లను కొరికి పట్టుకోమన్నారు. మిషన్ తల చుట్టూ మెల్లగా తిరిగింది. మింగొద్దు, కదలొద్దు. అర నిమిషం కూడా పట్టలేదు.

ఫిల్మ్‌ను లైటు పెట్టె మీద పెట్టి పెద్ద డాక్టరు గారు చూపించినారు. ఎడమ పక్క నాకు తెలిసిన పన్ను, రెండు చిన్న దవడ పళ్ల మధ్యలో, నాలుక వైపుకు వాలి ఉంది. ఆయన వేలు కుడి పక్కకు జరిపినారు. అక్కడ ఎముకలో, పళ్ల వేర్ల మధ్య, పావు రూపాయి బిళ్లలో సగమంత తెల్లటి వలయం. లోపల చిన్న టోపీ లాంటి ఆకారం. "ఇది ఇంకోటి. దీనికింకా వేరు పుట్టలేదు, ఇప్పుడే తయారవుతా ఉంది" అన్నారు. 27 ఏళ్లు నిండిన మనిషి దవడలో పన్ను కొత్తగా తయారు కావడం ఏంది సార్ అని అడిగాను, నోరు ఎండిపోయింది నాకు.

ఆయన ఓపిగ్గా చెప్పినారు. మనకు పాలపళ్లు 20, శాశ్వత పళ్లు 32. ఇవన్నీ తల్లి కడుపులో ఉన్నప్పుడే చిగురులో ఏర్పడే ఒక పట్టీ లాంటి కణజాలం నుంచి మొదలవుతాయి. పని అయిపోయాక ఆ పట్టీ కరిగిపోవాలి. కొందరిలో దాని ముక్కలు మిగిలిపోయి, మళ్లీ పన్ను మొలకెత్తిస్తాయని అనుకుంటారు. ఇలా అదనపు పళ్లు ఉండేవాళ్లు నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా, ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ. ఎక్కువమందికి పై దవడలో ముందు రెండు పళ్ల మధ్య, మొనదేలిన చిన్న పన్నుగా వస్తుంది, చిన్నప్పుడే బయటపడుతుంది. కింది దవడలో చిన్న దవడ పళ్ల దగ్గర వచ్చేవి మాత్రం ఆలస్యంగా, మిగతా పళ్లన్నీ వచ్చేశాక కూడా తయారవుతాయట. నావి ఆ రకం.

ఆ తర్వాత ఆయన చేయించిన పని నాకు బాగా గుర్తు. రెండు భుజాలూ ముందుకు తెచ్చి గడ్డం కింద కలపమన్నారు. కలవలేదు. "మంచిది" అని రాసుకున్నారు. మెడ కింది ఎముకలు సరిగా ఏర్పడని ఒక పుట్టుక లోపంలో అదనపు పళ్లు చాలా వస్తాయట, వాళ్లకు భుజాలు దాదాపు కలిసిపోతాయట. ఇంట్లో ఎవరికైనా పేగుల్లో కణుతులు ఉన్నాయా అని కూడా అడిగారు, దానికి సంబంధించిన ఇంకో జబ్బు ఉంది కాబట్టి. రెండూ లేవు.

మా తమ్ముడికి తక్కువ పళ్లు! వాడికి 24 ఏళ్లు, కింద ఒక పాలపన్ను ఇంకా ఊడలేదు, కింద శాశ్వత పన్ను లేకపోవడం వల్ల. ఒకే ఇంట్లో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ.

ఇక ఏం చెయ్యాలనేది. ఎడమది నాలుకకు తగులుతోంది, దాని సందులో అన్నం ఇరుక్కుని చిగురు వాస్తోంది, కాబట్టి తీసేయాలి. కుడిది ఎముకలో ఉంది, పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం బయటికి వచ్చే చోటుకు దగ్గరగా ఉంది. ఇప్పుడు తవ్వి తీయబోతే ఆ నరానికి, పక్క పళ్ల వేర్లకు దెబ్బ తగలొచ్చు. వదిలేస్తే చుట్టూ నీటితిత్తి ఏర్పడొచ్చు, పక్క పన్ను వేరు అరిగిపోవచ్చు. అందుకే వదిలేయకుండా, తొందరపడకుండా, ఫిల్మ్ తీస్తూ చూద్దాం అన్నారు. సరిగ్గా ఎంత దగ్గరుందో తెలియడానికి బయట సెంటర్‌లో త్రీడీ స్కాన్ తీయించుకున్నాం. నరానికీ పన్నుకీ మధ్య సన్నటి ఎముక పొర ఉందని తేలింది.

ఎడమది తీసిన రోజు భయపడినంత జరగలేదు. దవడ వెనక సూది వేశాక సగం పెదవి, సగం నాలుక మొద్దుబారాయి. నొప్పి లేదు, ఒత్తిడి తెలుస్తుంది, ఎముకలో పటపటమనే శబ్దం చెవికి లోపలి నుంచే వినిపిస్తుంది, అదొక్కటే కష్టం. రెండు కుట్లు వేశారు. దూది గట్టిగా కొరికి గంటసేపు ఉంచమన్నారు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు, ఆ రోజంతా వేడి వద్దు అన్నారు. రెండు రోజులు చల్లారిన రాగి జావ, మూడో రోజు సంగటి మెత్తగా మజ్జిగలో కలుపుకుని. వారానికి కుట్లు తీశారు. గడ్డం ఎడమ పక్క తొమ్మిది రోజులు చీమలు పాకినట్టు తిమ్మిరిగా ఉంది, ఆ తొమ్మిది రోజులు నేను పడిన భయం రాయలేను, పొద్దున లేవగానే వేలితో గిచ్చి చూసుకునేదాన్ని. పదో రోజు తగ్గింది.

పన్ను అడిగి తెచ్చుకున్నాను. మామూలు చిన్న దవడ పన్నులాగే ఉంది, కొంచెం చిన్నది. వేరు చివర ఇంకా మూసుకోలేదు, బోలుగా, ఉల్లికాడ కోసినట్టు ఉంది. డాక్టరమ్మ దాన్ని చూపించి, ఇంకా పెరుగుతూనే ఉంది అక్కా అని చెప్పింది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, ఎందుకో తెలియదు.

ఆమే చెప్పింది, జపాన్‌లో ఒక ప్రొటీన్‌ను అడ్డుకుంటే పళ్లు మళ్లీ మొలుస్తాయేమో చూస్తున్నారని, ఆ ప్రొటీన్ లేని ఎలుకలకు అదనపు పళ్లు వచ్చాయని, క్యోటో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 2024లో మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయని. మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను.

ఆరు నెలలకు రెండో ఓపీజీ తీయించుకున్నాను. ఈసారి ముక్కుపుడక ఇంటి దగ్గరే తీసి పోయినాను. కుడి పక్క టోపీకి కింద సన్నగా వేరు మొదలయింది, పక్క పళ్లకు ఏమీ కాలేదు. పాత ఫిల్మ్ తీసుకుపోవడం మంచిదయింది, రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెప్పినారు. వచ్చే సంక్రాంతి దాటాక మళ్లీ రమ్మన్నారు.